60 ఏళ్ల చెట్టును ఎవరు పెంచాలి?

ఇల్లు కట్టుకునేవాళ్లు గుమ్మాల కోసం టింబర్ డిపోకు వెళ్తే మొదట వినపడే మాట, "ఏ టేకు కావాలండీ?" అని. బర్మా టేకుకు ఒక రేటు, ఆఫ్రికా టేకుకు ఇంకో రేటు, ఈక్వెడార్ టేకుకు మరొకటి, లోకల్‌కు వేరే. ఆదిలాబాద్, నిర్మల్ వైపు అడవులు టేకుకు పేరుమోసినవి. టేకు తనంతట తానే మొలిచే నేల మనది. అయినా దక్షిణ అమెరికాలో పెరిగిన దుంగ ఓడెక్కి వచ్చి మన ఊళ్లో గుమ్మం అవుతోంది.

దీనికి కారణం చెప్పడం తేలికే. ప్రభుత్వ అడవుల్లో చెట్లు కొట్టడం మనం చాలావరకు ఆపేశాం. కలప వాడటం మాత్రం ఆపలేదు. 2011 నాటి దేశ అటవీ నివేదిక లెక్కల్లో, అడవుల నుంచి ఏడాదికి వచ్చే కలప దాదాపు 32 లక్షల ఘనపు మీటర్లు. అడవి బయట, అంటే పొలాల్లో, గట్ల మీద, రోడ్ల పక్కన ఉన్న చెట్ల నుంచి రాగలిగేది 4 కోట్ల 27 లక్షలకు పైనే. 2023 నివేదికకు వచ్చేసరికి ఈ రెండో అంకె 9 కోట్ల 15 లక్షలు. దేశంలో ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించి అడవి ఉంది, కలప మాత్రం రైతు పొలం నుంచి వస్తోంది.

ఇది పర్యావరణం సాధించిన గెలుపు అని కొందరు, అడవుల్ని పాడుబెట్టడం అని కొందరు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అది అర్థం కావాలంటే అటవీ శాఖ కలపను ఎలా లెక్కగట్టేదో ముందు చూడాలి.

కూపు లెక్క

బ్రిటిష్ ప్రభుత్వానికి మొదట ఓడలకు టేకు కావాల్సి వచ్చింది, తర్వాత రైలు పట్టాల కింద స్లీపర్లకు. మలబారులో నీలంబూరు దగ్గర 1840ల్లోనే టేకు తోట వేశారు. బర్మాలో పెగూ అడవుల్ని చూసుకుంటున్న డీట్రిష్ బ్రాండిస్ అనే జర్మన్‌ను 1864లో దేశానికి మొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పెట్టారు. అడవిని ఇష్టమొచ్చినట్టు కొట్టకుండా ప్లాన్ ప్రకారం కొట్టాలన్న పద్ధతి ఆయనతో వేళ్లూనింది. దాన్నే వర్కింగ్ ప్లాన్ అంటారు. ఇవాళ్టికీ ప్రతి అటవీ డివిజన్‌కూ ఒకటి ఉంటుంది, సాధారణంగా పదేళ్లకోసారి మారుస్తారు.

దాని వెనకున్న లెక్క చిన్నదే. ఒకచోట 6,000 హెక్టార్ల టేకు అడవి ఉందనుకోండి. చెట్టు కోతకు రావడానికి 60 ఏళ్లు పడుతుందనుకోండి. అడవిని 60 కూపులుగా విడగొట్టి ఏడాదికి ఒక కూపు, అంటే 100 హెక్టార్లు కొడతారు. ఆఖరి కూపు కొట్టేసరికి మొదటి కూపులో మళ్లీ 60 ఏళ్ల చెట్లు ఉంటాయి. అసలు ముట్టకుండా వడ్డీ మాత్రం తింటూ బతికే పెద్దమనిషి పద్ధతి ఇది. కాగితం మీద ఇంతకంటే అందమైన లెక్క ఉండదు. 19వ శతాబ్దంలో అది నిజంగానే ముందడుగు కూడా, ఎందుకంటే అంతకుముందు కాంట్రాక్టర్లు దొరికిందల్లా నరుక్కుపోయేవారు.

ఈ లెక్క కుదరాలంటే అడవిలోకి ఇంకెవరూ రాకూడదు. 1878 నాటి అటవీ చట్టం, మన వైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, ఆ పని చేసిపెట్టాయి. రిజర్వు హద్దులు గీశారు. పోడు నేరమైంది, పశువులు మేపితే జరిమానా. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట జనం నడవడానికి, నిజాం రాజ్యంలో జోడేఘాట్ దగ్గర 1940లో కుమ్రం భీం ప్రాణాలు పెట్టడానికి అడవి ఆంక్షలు పెద్ద కారణం. అంటే 'కలపా, అడవా' అన్న తగువులో మొదటి దెబ్బ తిన్నవాళ్లు మూడో పక్షం. వాళ్లను ఆ లెక్కలో ఎవరూ వేసుకోలేదు.

ఇంకోటీ వేసుకోలేదు. 60 ఏళ్లకు కోత అంటే ఆ అడవిలో 60 దాటిన చెట్టు ఎప్పటికీ ఉండదని అర్థం. పాపికొండల్లో కనపడే పెద్ద ముక్కు పక్షులు, అవే హార్న్‌బిల్స్, గూడు కట్టవు, పెద్ద మానుకు పడిన తొర్రలోకి దూరతాయి. అంత తొర్ర పడాలంటే మాను ముసలిది కావాలి. నల్లమలలో బెట్లుడత, అంటే పెద్ద అడవి ఉడుత, కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ తిరుగుతుంది, నేల మీదికి దిగడం అరుదు. మధ్యలో 100 హెక్టార్లు బోడిగా ఉంటే దాని దారి తెగిపోతుంది. గాలికి పడి కుళ్లే దుంగ పురుగులకు, పుట్టగొడుగులకు, పాములకు ఇల్లు. వర్కింగ్ ప్లాన్ రాసేవాడికి అది నష్టపోయిన సరుకు. టేకు, నల్లమద్ది, ఏగిస లాంటివి కలపకు పనికొచ్చే చెట్లు. ఇప్ప, తునికి, సారపప్పు చెట్లు ఆ జాబితాలో ఎక్కడో అడుగున ఉంటాయి. గోండు, కోయ కుటుంబాలకు మాత్రం తిండీ, చేతి ఖర్చూ వచ్చేవి వాటి నుంచే.

రెండు రూపాయల వెదురు

స్వాతంత్ర్యం వచ్చాక లెక్క మారలేదు, కొనేవాళ్లు మారారు. 1952 అటవీ విధానం 'జాతీయ అవసరాలు' అంది. అవసరాలంటే ముఖ్యంగా పరిశ్రమలు. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఇంకా తెగేసి చెప్పింది. అడవులు ఉత్పత్తి చేయాలి, నెమ్మదిగా పెరిగే మిశ్రమ అడవి తీసేసి వేగంగా పెరిగే తోటలు వేయాలి, బ్యాంకు అప్పు తెచ్చుకోవడానికి కార్పొరేషన్లు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ 1975లోనే వచ్చేసింది. దేశమంతటా సహజ అడవి తీసి యూకలిప్టస్, మనవాళ్ల మాటలో జామాయిల్, వేసిన కాలం అది.

ఆ రోజుల్లో వెదురు కథ అన్నిటికంటే ఘోరం. రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లులు అప్పటికే ఉన్నాయి, తర్వాత భద్రాచలం ఎదురుగా సారపాకలోనూ ఒకటి వెలిసింది. ఇలాంటి మిల్లులకు దేశమంతా ప్రభుత్వాలు వెదురును కారుచౌకగా, దీర్ఘకాల ఒప్పందాల మీద ఇచ్చాయి. కర్ణాటకలో 1950ల చివర ఒక మిల్లుకు టన్ను వెదురు రెండు రూపాయలు కూడా లేని ధరకు దక్కింది. బుట్టలు, తట్టలు అల్లే మేదరి బజారులో కొనేది దానికి ఎన్నో వందల రెట్లకు. ధర లేని సరుకును ఎవరు జాగ్రత్తగా వాడతారు? ఒక అడవిలో వెదురు అయిపోతే మిల్లు లారీలు ఇంకా దూరం వెళ్లాయి, అంతే.

పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ బృందం ఉత్తర కన్నడ జిల్లాలో ఈ వెదురు ఎందుకు తరిగిపోతోందో 1970ల్లో చూసింది. మేదరులు, పల్లెవాళ్లు కొట్టడం వల్లే అని శాఖ అనుకునేది. తీరా చూస్తే, పొద శుభ్రంగా ఉంటే బాగా ఎదుగుతుందని కూలీల చేత మొదట్లో ముళ్లు తీయించేవారు. ఆ ముళ్లే కొత్తగా వచ్చే కొమ్ములకు కంచె. అది పోగానే పశువులు, అడవి జంతువులు లేత కొమ్ముల్ని తినేశాయి. పొద పక్కనున్న పల్లెవాళ్లకు ఇది ముందే తెలుసు. 'శాస్త్రీయ యాజమాన్యం' అనే మాట వినపడినప్పుడల్లా నాకు ఈ ముళ్లు గుర్తొస్తాయి.

ఆపేశాక ఏమైంది

1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం అసలు మలుపు. అడవి మొదటి పని పర్యావరణ సమతుల్యం, ఆదాయం దాని తర్వాతే అని మొట్టమొదటిసారి రాసుకున్నాం. పరిశ్రమలు తమకు కావాల్సిన చెట్టును రైతులతో పెంచుకోవాలని కూడా అందులోనే ఉంది. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు దీనికి తాళం వేసింది. నీలగిరుల్లో గూడలూరు చుట్టూ సాగుతున్న నరికివేత మీద ఆయన కోర్టుకెక్కారు. బ్రిటిష్‌వాళ్లు టేకు తోట వేసిన ఆ నీలంబూరే ఆయన ఊరు కావడం చరిత్ర చేసిన తమాషా.

ఆ ఉత్తర్వు చెట్లు కొట్టడాన్ని పూర్తిగా నిషేధించిందని చాలామంది అనుకుంటారు. అలా లేదు. కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ ప్రకారం తప్ప కొట్టకూడదు అంది. ఆచరణలో మాత్రం ప్లాన్లు ఆలస్యం కావడం, ఆమోదాలు రాకపోవడం, ఎందుకొచ్చిన టెన్షన్ అని అధికారులే వెనక్కి తగ్గడం, అన్నీ కలిసి సహజ అడవిలో పచ్చి చెట్టు కోత చాలాచోట్ల నామమాత్రమైంది.

గొడ్డలి మాత్రం ఆగలేదు, చోటు మార్చుకుంది. కాగితం గుజ్జు ఖమ్మం జామాయిల్ తోటల నుంచి, ప్రకాశం సుబాబుల్ నుంచి, కోస్తా సరుగుడు నుంచి రావడం మొదలైంది. సారపాక మిల్లు ఎంపిక చేసిన క్లోన్ మొక్కలు పంచడంతో జామాయిల్ దిగుబడి పెరిగింది. అడవికి ఇది నిజంగా మేలు చేసింది, కాదనలేం. భారం ఎవరి మీదికి వెళ్లిందో కూడా చూడాలి. మిల్లు కొనకపోతే, రేటు పడిపోతే నష్టపోయేది రైతు. సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కడం ప్రకాశం జిల్లాలో కొత్త వార్త కాదు.

గుమ్మాలు, తలుపులు, మంచాలకు కావాల్సిన గట్టి కలప దిగుమతి దారి పట్టింది. మొదట బర్మా. ఒకప్పుడు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కూలీకి రంగూన్ ఓడ ఎక్కినవాళ్ల వారసులకు ఆ దేశం పేరు కొత్త కాదు. మనం ఒక్కళ్లమే దాని మీద పడలేదు. వరదలకు బెదిరి థాయిలాండ్ 1989లో అడవుల్లో కోత నిషేధించింది, దాని కలప వ్యాపారులు పక్కనే ఉన్న బర్మాకు, లావోస్‌కు, కంబోడియాకు వెళ్లారు. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా సహజ అడవుల్లో కోతను కట్టడి చేసింది, అది రష్యా నుంచీ బర్మా నుంచీ తెచ్చుకుంది. ఒక్కో దేశం తన అడవిని కాపాడుకుంటూ పోతే చివరికి అందరి గొడ్డళ్లూ కాపలా తక్కువున్న అడవిలోకి చేరాయి. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఆ తర్వాత డిపోల్లో ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు మరింత పెరిగింది. గుజరాత్‌లో కాండ్లా రేవు న్యూజిలాండ్ పైన్ దుంగలకు అడ్డా అయింది.

అమెరికా వాయవ్య రాష్ట్రాల్లోనూ ఇదే జరిగింది. ముసలి అడవుల్లో బతికే మచ్చల గుడ్లగూబను 1990లో ముప్పున్న జాతిగా ప్రకటించారు. 1994లో దాదాపు కోటి హెక్టార్ల ప్రభుత్వ అడవికి కొత్త ప్రణాళిక వచ్చింది. కోత భారీగా పడిపోయింది, మిల్లు ఊళ్లు దెబ్బతిన్నాయి, కలపలో కొంత కెనడా నుంచీ, అమెరికా దక్షిణాన ప్రైవేటు తోటల నుంచీ వచ్చింది.

రూపాయి వడ్డీ లెక్క

అయితే అన్నీ పొలాల్లోనే పెంచుకుందాం, అడవిని వదిలేద్దాం అంటే సరిపోతుందా? గుజ్జుకు సరిపోతుంది, గుమ్మానికి సరిపోదు.

మొక్క పెట్టి కాపాడటానికి ఇవాళ వెయ్యి రూపాయలు ఖర్చయిందనుకుందాం. నూటికి రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం. జామాయిల్ నాలుగేళ్లకు కోతకొస్తుంది, అప్పటికి ఆ వెయ్యి చక్రవడ్డీతో దాదాపు 1,570 అవుతుంది. రాబట్టుకోవచ్చు. అదే వెయ్యి 60 ఏళ్ల టేకు మీద పెడితే అసలూ వడ్డీ కలిపి దాదాపు 9 లక్షలు. ఒక్క చెట్టు అంత పలకాలి. పైగా పిల్ల పెళ్లి, ఆస్పత్రి, బోరు, ఏదొచ్చినా చెట్టు మీదే చేయి పడుతుంది. అందుకే రైతు టేకు వేసినా 20 ఏళ్లకో 25 ఏళ్లకో కొట్టేస్తాడు. అందులో చేవ తక్కువ, తెల్లకట్టె ఎక్కువ. తప్పు రైతుది కాదు, వడ్డీది.

60 ఏళ్లు, 100 ఏళ్లు ఓపిక పట్టగలిగే భూస్వామి ఒక్కరే ఉన్నారు, ప్రభుత్వం. గట్టి కలప పండించాల్సింది ప్రభుత్వ భూమిలోనే అనడానికి ఇంతకంటే బలమైన వాదన నాకు కనపడలేదు. చిక్కేమిటంటే హార్న్‌బిల్‌కూ, బెట్లుడతకూ కావాల్సింది కూడా ఆ ఓపికే. ముసలి చెట్టు ఉండగలిగే చోటు ప్రభుత్వ భూమి ఒక్కటే. కలపకూ సంరక్షణకూ అసలు పోటీ ఎకరాల దగ్గర లేదు, చెట్టు వయసు దగ్గర ఉంది.

ఈ దృష్టితో చూస్తే అడవినంతా ఒకే గాటన కట్టి మాట్లాడటం కుదరదు. సహజంగా ఉన్న మిశ్రమ అడవి, ముఖ్యంగా కవ్వాల్, అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం, పాపికొండల లాంటి చోట్లు, గొడ్డలి జోలికి పోకూడనివి. అక్కడ బేరం లేదు. కానీ రిజర్వు అడవుల్లోనే పాత టేకు తోటలు, కార్పొరేషన్ల జామాయిల్ తోటలు చాలా ఉన్నాయి. అవి అడవి కావు, వరసల్లో నాటినవి. టేకు ఎండ కోరే చెట్టు. ఒత్తుగా నాటి పలచన చేయకుండా వదిలేస్తే ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బక్కగా మిగిలిపోతాయి. వాటిని ముట్టుకోకపోవడం సంరక్షణ అనిపించుకోదు. వీటిలో కొన్నిటిని 60, 80 ఏళ్ల గట్టి కలపకు నడపాలి, మిగతావాటిలో మధ్యలో స్థానిక జాతుల్ని రానిచ్చి మెల్లగా అడవిగా మార్చాలి. నాలుగేళ్ల గుజ్జు తోటలకు ప్రభుత్వ భూమి వాడటం నాకు అర్థం లేని పని అనిపిస్తుంది. అది రైతు చేయగలడు, చేస్తున్నాడు.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. ఒకసారి కోతకు తలుపు తీస్తే ఆదాయం రుచి మరిగిన శాఖ తోటకూ అడవికీ మధ్య గీతను మెల్లగా జరుపుతుందంటారు. పైన వెదురు కథ విన్నవాళ్లకు ఆ భయం అనవసరం అని నేను చెప్పలేను. ఏ తోట ఎక్కడుందో, ఏ ఏడు ఏది కోతకొస్తుందో మ్యాపుతో సహా బయటపెట్టడం, కోత డబ్బును శాఖ బడ్జెట్‌తో ముడిపెట్టకపోవడం, ఈ రెండూ కనీసం జరగాలి.

పూర్తిగా తాళం వేస్తే సరిపోతుందనుకునేవాళ్లు శేషాచలం వైపు చూడాలి. ఎర్రచందనం కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లో, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా అడవిగా లేదు. 1995లోనే దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి. బయట గిరాకీ తగ్గలేదు, సరైన దారిలో సరుకు దొరకదు, దాంతో స్మగ్లింగ్ పెరిగింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్లను పంపినవాళ్లెవరూ ఆ రోజు ఆ కొండ మీద లేరు. పట్టుబడిన దుంగల్ని ప్రభుత్వమే వేలం వేసి అమ్ముతుంది, అంటే కాపలాదారూ తనే, అమ్మేదీ తనే. పొలాల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో దారి కాస్త తెరిచారు. ఆ వ్యాపారం మీద సైటిస్, అంటే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం, పెట్టిన ప్రత్యేక పరిశీలన నుంచి 2023లో భారత్ బయటపడింది. పొలం దుంగకూ కొండ దుంగకూ తేడా చెప్పగలిగే కాగితం, పరీక్ష రెండూ గట్టిగా ఉంటేనే ఇది అడవికి మేలు. లేకపోతే కొండ దుంగకు పొలం పట్టా తగిలించడం ఎంతసేపు?

మళ్లీ వెదురు దగ్గరికి

కోతా సంరక్షణా రెండూ ఒకేచోట కుదిరే సరుకు ఒకటుంది, అది వెదురే. వానాకాలంలో లేచిన కొమ్ము కొన్ని నెలల్లో పూర్తి ఎత్తుకు వస్తుంది, మూడు నాలుగేళ్లకు ముదురుతుంది. ముదురు బొంగులు తీసి లేతవి వదిలితే పొద బాగుంటుంది, అసలు కొట్టకపోతే ఇరుక్కుపోయి ఎండిపోతుంది. టేకులా 60 ఏళ్ల ఓపికా అక్కర్లేదు, హార్న్‌బిల్ చెట్టుతో పోటీ లేదు.

వృక్షశాస్త్రం ప్రకారం గడ్డి అయిన వెదురును 1927 అటవీ చట్టం చెట్టు అంది, అందుకే దాని మీద హక్కు శాఖదే అయింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి గ్రామసభకు ఇచ్చింది. కాగితం మీద హక్కు చేతికి రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు పల్లెకు, 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ వెళ్లి వెదురు రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు. మంత్రి స్వయంగా వస్తే తప్ప ఒక పాసుల పుస్తకం కదల్లేదన్నమాట. అడవి బయట పెరిగే వెదురుకు చెట్టు హోదా 2017లో తీసేశారు. అడవి లోపలి వెదురుకు మాత్రం ఇంకా అటవీ చట్టమే వర్తిస్తుంది.

అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సామూహిక హక్కు దక్కిన ఊళ్లో రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ కమిటీయే. అడవిని ఎలా వాడుకోవాలో, ఎలా కాపాడుకోవాలో ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. ఆ ప్రణాళికను శాఖ వర్కింగ్ ప్లాన్‌తో కలపాలి, కలిపేటప్పుడు ఏ మార్పులు కావాలో తేల్చే అధికారం కూడా కమిటీకి ఇచ్చారు. బ్రాండిస్ నాటి నుంచి శాఖ ఒక్కటే రాసుకుంటూ వచ్చిన కాగితంలో ఊరివాళ్ల గీత పడే అవకాశం ఇక్కడే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో పోడు పట్టాల మీద జరిగిన గొడవలో పదో వంతు కూడా ఈ సామూహిక హక్కుల మీద జరగలేదు. పట్టా కుటుంబానికి వస్తుంది, ఓటుగా మారుతుంది. వెదురు పొద ఊరందరిదీ కాబట్టి దాని గురించి అడిగే నాయకుడు ఇంకా కనపడలేదు.